కాన్పుకు ముందే తల్లిగారింట్లో సిద్ధం చేసుకోవలసినవి

మా తల్లిగారిది దేవరకొండ దగ్గర పల్లె, అత్తగారిది మిర్యాలగూడ. నా ఇద్దరు పిల్లల పురుళ్లూ తల్లిగారింట్లోనే. పెద్దది మే నెల ఎండల్లో పుట్టింది, చిన్నోడు శ్రావణం ముసుర్లలో. పెద్దదానప్పుడు మేం సబ్బు కొన్నాం, నూనె కొన్నాం, తొట్టెలకు కొత్త తాడు తెచ్చాం. మాట్లాడుకోవలసిన మాటలు మాత్రం మాట్లాడుకోలేదు. దవాఖాన నుంచి వచ్చిన రాత్రి నేను కుట్ల నొప్పికి పక్కకు ఒత్తిగిలలేక పడుకుని ఉంటే, నా మంచం పక్కనే నలుగురు నిలబడి బిడ్డ నాలుకకు తేనె రాయాలా వద్దా అని వాదించుకున్నారు. వద్దని గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పగలిగిన మా ఆయన మిర్యాలగూడలో ఉన్నాడు. తేనె రాశారు. బిడ్డకు ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రంతా నేను దాని ముఖమే చూస్తూ ఉన్నాను.

చిన్నోడు కడుపున పడ్డప్పుడు ఆ తప్పు మళ్లీ చేయలేదు. ఏడో నెల నుంచే ఒక్కొక్కటి తేల్చుకుంటూ వచ్చాం. బిడ్డ పుట్టాక ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, నిద్ర లేని మనుషులకు నచ్చజెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే మాటలన్నీ ముందే అయిపోవాలి. మీరు చదివి ఊరుకోకుండా మీ అమ్మకు, అత్తమ్మకు, మీ ఆయనకు కూడా చదివి వినిపించండి.

ఏడో నెల: రెండు ఊళ్లకూ తెలియజేయండి

మన దిక్కు తొలుసూరు కాన్పంటే తల్లిగారింట్లోనే. కానీ కడుపుతో ఉన్నట్టు పేరు రాయించుకునేది అత్తగారి ఊళ్లో. చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది. దవాఖానలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశ వర్కర్ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బరువు తూస్తుంది, ఒళ్లు వేడి చూస్తుంది, బొడ్డు చూస్తుంది, పాలు ఎట్లా పట్టుకుంటున్నాడో చూస్తుంది. మీరు తల్లిగారింటికి వచ్చిన సంగతే ఆ ఊరి ఆశ వర్కర్‌కు తెలియకపోతే ఆ ఆరుసార్లలో ఒక్కసారీ రాదు. అత్తగారి ఊరామె ఏమో మీరు వెళ్లిపోయారని ఊరుకుంటుంది. మధ్యలో బిడ్డ ఎవరి లెక్కలోనూ ఉండదు.

అందుకే తల్లిగారింటికి చేరిన వారంలోపే తల్లీబిడ్డల కార్డు పట్టుకుని సబ్ సెంటర్‌కు పోయి, ఏఎన్ఎంకు (సబ్ సెంటర్ నర్సమ్మకు), ఆశ వర్కర్‌కు చూపించి ఫోన్ నంబర్లు ఇచ్చి పుచ్చుకోండి. అదే రోజు అంగన్‌వాడీకి కూడా పోండి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. పేరు ఈ ఊరికి మార్పించుకోవాలి, అంతే.

కార్డులో మీ రక్తం గ్రూపు చూసుకోండి. నెగెటివ్ అని ఉండి బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పయిన 72 గంటల్లోపు మీకు యాంటీ డి ఇంజెక్షన్ పడాలి. మొదటి బిడ్డకు ఇబ్బంది రాకపోయినా రెండో బిడ్డకు రావచ్చు. కాన్పు అయ్యే దవాఖానలో ఆ ఇంజెక్షన్ దొరుకుతుందో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

బండి సంగతి. నొప్పులు మొదలైతే 108. నెలనెలా చూపించుకోవడానికి, కాన్పయ్యాక బిడ్డతో ఇంటికి రావడానికి 102. వీటితోపాటు రాత్రి పిలిస్తే పలికే ఆటోవాళ్లు ఇద్దరి నంబర్లు రాసి పెట్టుకోండి, ఒక్కరివి చాలవు. చందంపేట, డిండి దిక్కు తండాల్లోనో, అమ్రాబాద్ దిక్కు నల్లమల అంచునో ఉన్నవాళ్లయితే తేదీకి వారం పది రోజుల ముందే దవాఖాన ఉన్న ఊళ్లో చుట్టాలింటికి చేరండి. నొప్పులు వచ్చాక ఆ దారుల్లో పడి పోవడం కంటే చుట్టాలను పది రోజులు ఇబ్బంది పెట్టడమే నయం. పాలమూరు దిక్కు ఎన్నో ఇండ్లల్లో భర్త హైదరాబాద్‌లోనో ముంబయిలోనో పని మీద ఉంటాడు. అట్లాంటి ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, ఆపరేషన్ కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి అన్నది ఫోన్లో కాకుండా, ఆయన పండుగకు వచ్చినప్పుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి.

ఎనిమిదో నెల: పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోండి

నాకు బాగా పనికొచ్చిన ఉపాయం ఇదొక్కటే. ఎనిమిదో నెల చూపించుకోవడానికి పోయేటప్పుడు మా ఆయనను కాదు, మా అమ్మను, అత్తమ్మను ఇద్దరినీ తీసుకుపోయాను. డాక్టరమ్మను వాళ్ల ముందే అడిగాను: బిడ్డకు తేనె పెట్టొచ్చా? ఎండాకాలం నీళ్లు తాపొచ్చా? బొడ్డుకు ఏం రాయాలి? ఆమె ఒక్కోదానికి ఓపికగా జవాబు చెప్పింది. నేను ఏడాది పొడుగునా చెప్పినా ఎక్కనిది పది నిమిషాల్లో ఎక్కింది. ఇంటికి వచ్చాక ఎవరైనా ఏమైనా అనబోతే మా అత్తమ్మే "డాక్టరమ్మ వద్దన్నది" అని అడ్డుకునేది.

మీరు అడగవలసినవి, వాళ్లు వినవలసినవి ఇవి.

ముర్రుపాలు. మొదటి రెండు మూడు రోజులు చిక్కగా, పసుప్పచ్చగా వచ్చే పాలు. ఇవి మంచివి కావని పిండి పారబోసేవాళ్లు ఇంకా ఉన్నారు. బిడ్డకు రోగాల నుంచి దొరికే మొదటి కాపుదల ఆ పాలే. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. ఆపరేషన్ అయినా సరే, బిడ్డను పట్టుకునే మనిషి పక్కన ఉంటే పట్టించవచ్చు.

తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్. ఆరు నెలలదాకా ఇవేవీ అక్కర్లేదు, తల్లిపాలు చాలు. తేనె అయితే ఏడాది నిండేదాకా ముట్టనివ్వకూడదు. తేనెలో కంటికి కనపడని ఒక సూక్ష్మజీవి విత్తులు ఉండవచ్చు. పెద్దవాళ్ల కడుపులో అవి మొలవవు, పసిబిడ్డ పేగులో మొలిచి విషం పుట్టిస్తాయి, బిడ్డ నరాలు పట్టు తప్పుతాయి. స్వచ్ఛమైన తేనె అయినా, పుట్ట నుంచి మన కళ్లముందే పిండినదైనా ఈ భయం పోదు. మా పెద్దదాని రాత్రి నాకు ఇదంతా తెలియదు, లోపల ఏదో వద్దనిపించింది, అంతే.

బొడ్డు. ఏమీ రాయకూడదు. పసుపు, బూడిద, నూనె, పౌడరు, ఏదీ. గాలి తగలనిస్తే దానంతట అదే ఎండి 5 నుంచి 15 రోజుల్లో ఊడిపోతుంది. గోశిగుడ్డ బొడ్డుకు కిందుగా కట్టండి, మూత్రం అంటకుండా. చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, వాసన వచ్చినా దవాఖానకు.

కాటుక. కండ్లలో పెట్టకూడదు. ఇంట్లో కాల్చిన మసి అయినా మన వేలితోనే కదా కంట్లో పెట్టేది, కొన్న కాటుకల్లో సీసం ఉండే ప్రమాదం కూడా ఉంది. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టండి. మా అమ్మ దానితోనే తృప్తిపడింది.

తానం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది కూడా చాలా ఉంది. మా చిన్నమ్మమ్మ మా ఇద్దరు పిల్లలకూ తానం పోసింది. చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్లదాకా ఎగదోసి, రెండు కాళ్లు చాపి, పిక్కల మధ్య పల్లంలో బిడ్డను పడుకోబెట్టుకునేది. ముందు తన మోచేతి మీద నీళ్లు పోసుకుని చూసేది. తలకు పోసేటప్పుడు ఎడమచేయి బిడ్డ నుదుటికి అడ్డం పెట్టేది, కంట్లోకి ఒక్క చుక్క జారేది కాదు. చెవి వెనక, మెడ మడతలో, చంకలో, గజ్జల్లో వేలు పోనిచ్చి కడిగి, ఆ మడతలనే ముందు తుడిచేది. ఆ చేతి పనితనం నాకు ఇప్పటికీ రాలేదు. మీ ఇంట్లో అట్లాంటి చేయి ఉంటే వదులుకోకండి.

కానీ ఆమెతో మాట్లాడి మానిపించినవి కూడా ఉన్నాయి. ముక్కులో ఊదడం, చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కు సాగదీయడం. బిడ్డ రొమ్ములు ఉబ్బి ఉన్నాయని పిండడం అన్నింటికంటే చెడ్డది. ఆ ఉబ్బు తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన హార్మోన్ల వల్ల వచ్చేది, దానంతట అదే తగ్గిపోతుంది, పిండితే చీము పడుతుంది. ఊదు పొగ కూడా వద్దు. చిన్న ఊపిరితిత్తులు ఆ పొగకు తట్టుకోలేవు, మెత్తటి గుడ్డతో తల ఆరబెడితే చాలు. పుట్టిన మొదటి 24 గంటల్లో తానం పోయవద్దు. బొడ్డు ఊడేదాకా గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. చిన్నమ్మమ్మకు ఇదంతా చెప్పేటప్పుడు నేను "వద్దు" అనే మాట తక్కువగా, "నువ్వే పోయాలి" అనే మాట ఎక్కువగా అన్నాను. ఆమె ఒప్పుకున్నది.

బాలింత గది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 ఆపరేషన్‌తో అయినవే. మామూలు కాన్పే కావాలని కోరుకుందాం, గదిని మాత్రం ఆపరేషన్ అయినా పనికొచ్చేట్టు సర్దండి. కింద పరుపు కాకుండా మంచం ఉండాలి, మరీ ఎత్తుది కాదు. కుట్లతో కింద నుంచి లేవడం ఎంత కష్టమో లేచినవాళ్లకు తెలుసు. గోడవారగా కాకుండా రెండు పక్కలా మనిషి నిలబడే జాగా వదలండి. పల్లెల్లో చాలా ఇండ్లల్లో గొంతుక్కూర్చునే మరుగుదొడ్డే ఉంటుంది, కాబట్టి మెడికల్ సామాన్ల దుకాణంలో కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చి పెట్టండి. ఎవరింట్లోనైనా వాడేసినది ఉంటే అడిగి తెచ్చుకోండి. నేను ఇంటికి తెచ్చుకున్న సామానులో దానంత ఉపయోగపడింది ఇంకోటి లేదు.

కిటికీలు మూసి, చీకటి చేసి, కుంపటి పెట్టే అలవాటు ఉన్న ఇండ్లు ఇంకా ఉన్నాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాల మీదికి తెస్తుంది. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని ముంచుతుంది. చలికాలం బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి రొమ్ము మీద, చర్మానికి చర్మం తగిలేట్టు పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పండి, తలకు టోపీ పెట్టండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు దవాఖానలో కూడా ఇదే చేయిస్తారు.

ఎండాకాలం కాన్పయితే లెక్క వేరే. నల్గొండ ఎండలు తెలిసినవే. ఫ్యాన్ వేయవచ్చు, కూలర్ వేయవచ్చు, గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా తిప్పండి. పెద్దవాళ్లు ఆ ఎండలో కూడా బిడ్డకు బొంత చుడతారు. మెడ వెనక చేయి పెట్టి చూడండి: చెమట ఉంటే బట్ట ఎక్కువైందని అర్థం. మా పెద్దది పుట్టిన వారానికి ఒక రాత్రి కరెంటు పోయింది. బిడ్డ ఎర్రగా కందిపోయి, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఒంటి మీద బట్టలన్నీ విప్పి, వాకిట్లో దోమతెర కింద పడుకోబెట్టి, మాటిమాటికీ పాలు పట్టిస్తే గంటకు నిమ్మళించింది. ఛార్జింగ్ ఫ్యాన్, టార్చిలైటు అప్పటి నుంచి మా ఇంట్లో మంచం కిందే ఉంటాయి. నీళ్లు తాపకూడదు, అది ఎంత ఎండైనా సరే. తల్లిపాలలో నూటికి ఎనభై ఎనిమిది వంతులు నీళ్లే.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు వద్దు, ఆవాల దిండు కూడా వద్దు. చీర తొట్టెల మన పిల్లలందరికీ ఉన్నదే, నేనూ కట్టాను. అయితే చీర ముడుచుకుపోకుండా పైన అడ్డం కర్ర పెట్టండి, బిడ్డ గడ్డం ఛాతీకి ఆని ఉందేమో చూస్తూ ఉండండి, ఆనితే ఊపిరి ఆడదు. మొదటి వారాల్లో రాత్రంతా తొట్టెలలో వదలకండి.

గుడ్డలు

ఇందులో లెక్క తప్పితే ఇల్లంతా తిప్పలే. చిన్నోడప్పుడు మేం ఇరవై గుడ్డలు సిద్ధం చేసుకుని, చాలుననుకున్నాం. శ్రావణం ముసురు మూడు రోజులు వదల్లేదు. రెండో రోజు సాయంత్రానికి దండెం నిండా తడి గుడ్డలు, ఒక్కటీ ఆరలేదు. మా నాన్న ఇస్త్రీపెట్టె పెట్టుకుని అర్ధరాత్రిదాకా ఒక్కొక్కటి ఆరబెట్టాడు. పసిబిడ్డ రోజుకు పది పదిహేను సార్లు తడుపుతుంది. వానాకాలమైతే 40 గుడ్డలు, ఎండాకాలమైతే 25 పెట్టుకోండి.

ఎక్కడి నుంచి తేవాలి? పాత నూలు చీరను మించింది లేదు. మా అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నారాయణపేట చీరలు రెండు ఇచ్చింది. అంచు గరుకుగా ఉంటుంది కాబట్టి ముందు అంచులు కోసి తీసేయండి. అయిదున్నర మీటర్ల చీరను నిలువునా సగం చేసి, అడ్డంగా పది ముక్కలు చేస్తే మూరకు కొంచెం మించిన గుడ్డలు ఇరవై వస్తాయి. రెండు చీరలకు నలభై. వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎర్రటి ఎండలో ఆరేసి, మడతపెట్టి, శుభ్రమైన దిండు గలీబులో పెట్టి కట్టేయండి. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, రంగు దిగుతుంది, వద్దు. కంచెల మీద, పొదల మీద ఆరేయకండి, చీమలు పడతాయి. ఒక్క చీమ ఉన్నా బిడ్డ ఎందుకు ఏడుస్తుందో మనకు అంతుపట్టదు.

జుబ్బాలు ఆరు చాలు, ముందు ముడి వేసేవి. డైపర్ల ప్యాకెట్ ఒకటి, ప్రయాణానికి. ఇంకేమీ కొనకండి. ఇరవై ఒకటో దినం వచ్చేసరికి చుట్టాలు తెచ్చే బట్టలు పెట్టెడు అవుతాయి.

పాలు, నీళ్లు

రెండో రోజు ప్రతి ఇంట్లో ఒక మాట వినపడుతుంది: "పాలు పడటం లేదు, డబ్బా పాలు తెండి." దానికి ముందే సిద్ధపడండి. నిండుగా పాలు దిగేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. అప్పటిదాకా బిడ్డ కడుపుకు ముర్రుపాలు చాలు. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టిస్తూ ఉంటేనే పాలు దిగుతాయి, డబ్బా పాలు మొదలుపెడితే తాగేది తగ్గి, ఊరేది తగ్గుతుంది. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకోవాలి, గడ్డం రొమ్ముకు తగలాలి. నొప్పి పుడితే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. సరిగ్గా పట్టించడం దవాఖానలో ఉన్నప్పుడే నర్సమ్మతో దగ్గరుండి చూపించుకోండి, ఇంటికి వచ్చాక చూపించేవాళ్లు దొరకరు. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తే పాలు సరిపోతున్నట్టే. మొదటి వారం బరువు నూటికి పది వంతులదాకా తగ్గవచ్చు, రెండు వారాలకు మళ్లీ పుట్టిన బరువుకు రావాలి.

ఎప్పుడైనా డాక్టరే డబ్బా పాలు రాస్తే, కలిపే నీళ్ల గురించి మన జిల్లావాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు బోరు నీళ్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లమే. నీళ్లను మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ పాలకు బోరు నీళ్లు వాడకండి, కృష్ణ నీళ్లు వచ్చే భగీరథ నల్లా నీళ్లే పట్టి మరగబెట్టి వాడండి. ఇంకో మంచి మాట: తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా తల్లిపాలలోకి దిగేది చాలా తక్కువ. ఫ్లోరైడ్ ఊళ్లో తల్లిపాలకు ఇంకో కారణం దొరికినట్టే.

ఇక బాలింత తిండి. ఎల్లిగడ్డ కారం, జొన్నరొట్టె, మునగాకు, మెంతికూర, అన్నీ మంచివే, మా అమ్మ చేసిన ఎల్లిగడ్డ కారం కోసమే నేను రెండో కాన్పుకు ఎదురుచూశాను. నేను ఒప్పుకోనిది ఒకటే, బాలింతకు నీళ్లు తాగనివ్వకపోవడం. పొట్ట పెరుగుతుందని, చలువ చేస్తుందని గ్లాసుడు నీళ్లకు కూడా కాపలా కాస్తారు. పాలిచ్చే ఆడదానికి దాహం మామూలుగానే ఎక్కువ. పాలు పట్టించే ప్రతిసారీ పక్కన చెంబుడు నీళ్లు ఉండాలి, ఆ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. పప్పు, గుడ్డు, పండు పథ్యం పేరుతో ఆపకండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక ఆరు నెలలు మింగాలి, చాలామంది దవాఖాన నుంచి వచ్చిన రోజే మరిచిపోతారు.

రాత్రులు ఎవరివి

పసిబిడ్డ రెండు మూడు గంటలకు ఒకసారి లేస్తుంది. పాలు తల్లే ఇవ్వాలి. కానీ బిడ్డను అందించడం, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం ఎవరైనా చేయవచ్చు. ముందు జాము ఒకరు, వెనక జాము ఇంకొకరు అని పేర్లు పెట్టి తేల్చుకోండి. "అందరం చూసుకుంటాం" అంటే చివరికి మీ అమ్మ ఒక్కతే చూస్తుంది, ఇరవై రోజులకు ఆమె మంచం పడుతుంది. మీ ఆయనకు సెలవు కొద్దిగానే దొరికేట్టయితే కాన్పు రోజుకు కాదు, దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారానికి పెట్టుకోమనండి.

చూడవచ్చేవాళ్లను ఆపలేం. గడప దగ్గర బకెట్, చెంబు, సబ్బు పెట్టండి. కాళ్లు కడుక్కొని ఇంట్లోకి రావడం మనకు ఉన్నదే, చేతులు కూడా కడగమనండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు దూరం నుంచే చూడాలి, ముద్దులు ఎవరూ పెట్టకూడదు. ఈ మాట బాలింత చెబితే నొచ్చుకుంటారు. మా ఇంట్లో మా నాన్న చెప్పేవాడు, ఎవరూ ఏమీ అనలేదు.

మూడో రోజు నుంచి బాలింతకు కారణం లేకుండా ఏడుపు రావచ్చు. నాకు వచ్చింది. రెండు వారాల్లోపు తగ్గిపోతే భయం లేదు. తగ్గకపోయినా, బిడ్డను చూడబుద్ధి కాకపోయినా, చచ్చిపోవాలనిపించినా అది జబ్బు, గాలి సోకడం కాదు. డాక్టర్‌కు చెప్పాలి. 14416కు ఫోన్ చేస్తే, మనసు బాధలు వినే సర్కారు ఫోన్ సేవ టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

తలుపు మీద అంటించవలసిన కాగితం

పెద్ద అక్షరాలతో రాసి బాలింత గది తలుపు లోపలి వైపు అంటించండి. మా నాన్న క్యాలెండర్ వెనక రాశాడు.

బిడ్డకు:
పాలు పట్టుకోకపోతే, లేపినా లేవకుండా మగతగా ఉంటే.
ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే. పొట్ట కూడా చల్లబడినా అంతే.
నిమిషానికి 60, అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే, డొక్కలు లోపలికి పీక్కుపోతుంటే.
ఫిట్స్ వస్తే.
పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, ఎప్పుడైనా అరిచేతులు, అరికాళ్లు పచ్చబడినా.

తల్లికి:
గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే.
జ్వరం, చెడు వాసన, కుట్ల దగ్గర చీము.
విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం.
ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం.

వీటిలో ఏ ఒక్కటి కనపడినా తెల్లారేదాకా ఆగకుండా 108. పసిబిడ్డల ప్రత్యేక వార్డు నల్గొండ, మహబూబ్‌నగర్ సర్కారు పెద్ద దవాఖానల్లో ఉంది. పచ్చకామెర్ల విషయంలో ఒక్క మాట: బిడ్డను పగటి వెలుతురులో చూడండి, ముక్కు మీద వేలితో నొక్కి వదిలితే పచ్చదనం తెలుస్తుంది. కొంచెం పచ్చబడటం చాలామంది పిల్లలకు ఉంటుంది, అరికాళ్లదాకా దిగితే మాత్రం లైటు కింద పెట్టాలి. పసరు పోయడం, చేతికి కాల్చడం బిడ్డకు హాని, పైగా ఆ రెండు రోజులు వృథా అవుతాయి. లేత ఎండలో పడుకోబెట్టడం కూడా లైటుకు బదులు కాదు.

తొమ్మిదో నెల: సంచి, కవరు, ఒక రాత్రి

సంచిలో: మీకు ముందు గుండీల నైటీలు మూడు, ప్యాడ్లు, చెప్పులు, ఫ్లాస్క్, గ్లాసు. బిడ్డకు పదిహేను గుడ్డలు, టోపీ, రెండు జుబ్బాలు, మెత్తటి తువ్వాల. కవరులో: తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఇద్దరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, నంబర్లు రాసిన చీటీ, కొంత నగదు.

దవాఖాన నుంచి బయటికి వచ్చేముందు కార్డులో చూడండి: బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేసినట్టు రాశారా, విటమిన్ కె ఇచ్చారా. హెపటైటిస్ బి పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తర్వాతి టీకాలు 6, 10, 14 వారాలకు. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం. దవాఖానవాళ్లే పంపుతారు గానీ, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో అక్కడే చదివి చూసుకోండి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెటే రుజువు. పేరు ఖాయం కాకపోయినా నమోదు ఆపవద్దు, ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించవచ్చు.

అన్నీ అయ్యాక ఒక రాత్రి, అందరూ భోంచేసి పడుకోబోయే ముందు, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేయండి. ఇప్పుడే నొప్పులు మొదలైనట్టు అనుకుని టార్చి, సంచి, కవరు, ఆటోవాళ్ల నంబర్లు, గుడ్డల మూట, చెప్పులు, ఒక్కొక్కటి వెతికి వాకిట్లోకి తెమ్మనండి. చిన్నోడికి పది రోజుల ముందు మేం ఇట్లా చేసి చూశాం. సంచి వచ్చింది, మూట వచ్చింది. కవరు రాలేదు. అది బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి మా నాన్న చొక్కా జేబులో ఉంది, ఆ చొక్కా వేసుకుని ఆయన పొలంలో మోటరు దగ్గర ఉన్నాడు. తెల్లారి ఆ కవరును బయటికి తీసి, తలుపు పక్కన మేకుకు సంచితోపాటే తగిలించాం.